గ్రీన్ టీ చక్కెర వ్యాధిగ్రస్తుల మూత్రపిండాలను కాపాడుతుందా?

ఈ పాఠాల శీర్షికలో సాధారణంగా పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం, దూడల పోషణ, సంఘం లెక్కలు మొదలైన విషయాలు చెప్పుకుంటూ ఉంటాము. ఈసారి పశువును కాస్త పక్కన కట్టి, పశువును సాకే మనిషి సంగతి చూద్దాము. కారణం ఏమంటే, ఈ మధ్య తనిఖీకి వెళ్ళిన సంఘాల్లో రిజిస్టర్లు మూసిన తరువాత సభ్యులు అడిగే ప్రశ్నల్లో, పాల ధర తరువాత ఎక్కువగా వినవచ్చినది ఇదే: “చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు గ్రీన్ టీ తాగితే కిడ్నీలు చెడిపోవంటగా, నిజమేనాండీ?”

ఒక సంఘంలో ఈ ప్రశ్న అడిగిన సభ్యుడు అప్పటికే మాత్రలు మానేసి ఉన్నాడు. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి, ఆరేళ్ళుగా రక్తపోటు. ఎవరో ఇంటికి తెచ్చి అమ్మిన పొట్లాలు కొని రోజుకు రెండు పూటలా తాగుతున్నాడు. ఒంట్లో తేలికగా ఉందన్నాడు. మాత్రలు మానేసి ఏడు నెలలు. ఆయన రెండు పూటలా పోసే పాల డబ్బులో కొంత ఆ పొట్లాలకే పోతున్నది. డబ్బు సంగతి అట్లా ఉంచితే, ఆ ఏడు నెలల్లో ఆయన మూత్రపిండాలకు ఏమి జరుగుతున్నదో ఆయనకు తెలియదు. అందుకే ఈ పాఠం.

నేను వైద్యుణ్ణి కాను. సహకార డిప్లొమా చదివి ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చూసే ఉద్యోగిని. అయితే వైద్య ప్రయోగం కూడా ఒక లెక్కే. ఎంతమంది మీద చేశారు, ఎన్నాళ్ళు చేశారు, ఎంత మోతాదు ఇచ్చారు, పోల్చడానికి రెండో జట్టును పెట్టారా లేదా అన్నవి చూస్తే సామాన్యుడికి కూడా సగం సంగతి బోధపడుతుంది. గ్రీన్ టీ విషయంలో అటువంటి ప్రయోగాలు నిజంగా జరిగాయి. వాటిని చూద్దాము.

మూత్రపిండం చేసే పని

మన పాలకేంద్రంలో క్యాను మూతి మీద గుడ్డ కట్టి పాలు వడగట్టడం మీరు రోజూ చూసేదే. మూత్రపిండాల పని అంతకన్నా సూక్ష్మమైన వడపోత. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు అనే వడపోత గొట్టాలు ఉంటాయి. ప్రతి గొట్టం మొదట్లో సన్నని రక్తనాళాలు ఉండగా చుట్టుకొని ఉంటాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలో నుంచి వడగడతాయి. దానిలో అక్కరకు వచ్చే నీరు, లవణాలు, చక్కెర తిరిగి రక్తంలోకి చేర్చి, చివరకు లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటకు పంపుతాయి. రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తి ఈ గుడ్డలో నుంచి జారిపోకూడదు.

ఈ వడపోత గుడ్డకు వెలుపలి పొరగా ఉండేవి పోడోసైట్లు అనే కణాలు. రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చి పట్టుకున్నట్లు అవి రక్తనాళాన్ని పట్టుకొని ఉంటాయి. పోయిన పోడోసైటు స్థానంలో కొత్తది పుట్టడం బహు కష్టం. ఈ కణం పేరు గుర్తుంచుకోండి, గ్రీన్ టీ కథ దీని దగ్గరకే వస్తుంది.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే మొదట ఆ నాళాల ఉండలో ఒత్తిడి పెరుగుతుంది. గుడ్డ పొర మందమవుతుంది, పోడోసైట్లు రాలిపోతాయి, ఆల్బుమిన్ కారడం మొదలవుతుంది. తరువాత మచ్చ కట్టి ఆ నెఫ్రాను మూసుకుపోతుంది. దీనికి రక్తపోటు తోడైతే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. చక్కెర వ్యాధి ఉన్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి కాలక్రమాన మూత్రపిండాల జబ్బు వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర వ్యాధి ఉన్నది. ఇక మీ సంఘంలో ఎందరుంటారో మీరే అంచనా వేసుకోవచ్చు.

ఇందులో మోసం ఏమంటే, నొప్పి ఉండదు. మన పాడి రైతులకు దీన్ని అర్థం చేసుకోవడానికి పొదుగు వాపు కన్నా మంచి ఉదాహరణ లేదు. పొదుగు ఎర్రబడి, గట్టిపడి, పాలలో గడ్డలు వచ్చే వాపును ఎవరైనా పట్టుకుంటారు. బయటకు కనిపించని పొదుగు వాపు సంగతి వేరు. గేదె మేస్తుంది, పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు చూపుకు బాగానే ఉంటాయి, దిగుబడి మాత్రం మెల్లగా జారిపోతుంది. నాలుగు గుంటల పళ్ళెంలో పాలు పిండి మందు కలిపితే తప్ప అది బయటపడదు. చక్కెర వ్యాధిలో మూత్రపిండాల జబ్బు మొదటి పదేళ్ళు సరిగ్గా ఇట్లాగే ఉంటుంది. కాళ్ళ వాపు, ఆయాసం, వాంతులు కనిపించే సరికి సగానికి పైగా నెఫ్రాన్లు పోయి ఉంటాయి. కనుక “నాకు ఒంట్లో తేలికగా ఉంది” అనే మాట ఈ జబ్బులో సాక్ష్యానికి పనికిరాదు.

పట్టుకునే పరీక్షలు రెండు. మొదటిది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి. దీన్ని ఎ.సి.ఆర్. అంటారు. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు, 30 నుంచి 300 మధ్య ఉంటే కారడం మొదలైందని, 300 దాటితే బాగా ముదిరిందని అర్థం. రెండవది రక్తంలో క్రియాటినిన్ చూసి లెక్క కట్టే ఇ.జి.ఎఫ్.ఆర్. ఇది 90, ఆ పైన ఉంటే మంచిది. మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే జబ్బు ఉన్నట్లు. 15 లోపుకు దిగితే డయాలసిస్ మాట వస్తుంది. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవడం. ప్రభుత్వ పథకాల కింద ఖర్చు లేకుండా చేయించుకునే వీలు ఉన్నా, వారంలో మూడు రోజులు పశువులకు మేత వేసేదెవరు, పాలు పితికేదెవరు?

గ్రీన్ టీ అంటే ఏమిటి

గ్రీన్ టీ వేరే మొక్క కాదు. మనం బంకులో తాగే టీ పొడి, ఈ గ్రీన్ టీ, రెండూ ఒకే తేయాకు మొక్క ఆకులే. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగలనిచ్చి నల్లబరిస్తే మామూలు టీ. కోసిన వెంటనే ఆవిరి పట్టించి గాని, మూకుడులో వేడిచేసి గాని ఆరబెడితే ఆకు నల్లబడదు. అది గ్రీన్ టీ. జపానులో ఆవిరి పట్టే పద్ధతి, చైనాలో మూకుడు పద్ధతి ఎక్కువ. మన దేశంలో అస్సాం, డార్జిలింగ్, నీలగిరి, హిమాచల్‌లోని కాంగ్రా తోటల్లో కూడా గ్రీన్ టీ తయారవుతుంది. కనుక చైనా నుంచి వచ్చిందనో, జపాను నుంచి వచ్చిందనో చెప్పి మూడింతల ధర అడిగితే ఆలోచించండి.

ఆకు నల్లబడకుండా ఆపడం వల్ల దానిలోని కాటెకిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా నిలిచి ఉంటాయి. వాటిలో ముఖ్యమైన దాన్ని ఇ.జి.సి.జి. అంటారు. ఒక పెద్ద కప్పు గ్రీన్ టీలో ఇది ఆకును బట్టి, నానబెట్టిన సమయాన్ని బట్టి సుమారు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. కెఫీన్ కూడా ఉంటుంది, కాఫీ కన్నా తక్కువ.

బ్రెజిల్ దేశంలో జరిగిన ప్రయోగం

గ్రీన్ టీ, చక్కెర వ్యాధి, మూత్రపిండాలు ఈ మూడింటినీ కలిపి మనుషుల మీద చేసిన మంచి ప్రయోగం ఒకటి బ్రెజిల్ దేశంలోని కాంపినాస్ విశ్వవిద్యాలయం వారిది. 2016లో ప్రచురించారు. చక్కెర వ్యాధి ఉండి, ఎ.సి.ఆర్. 30 దాటిన 42 మందిని తీసుకున్నారు. వీళ్ళందరూ మూత్రపిండాలను కాపాడే రక్తపోటు మాత్రలను సిఫారసు చేసిన పూర్తి మోతాదులో అప్పటికే వాడుతున్నవారు. అయినా ఆల్బుమిన్ కారడం ఆగలేదు. అటువంటివారిని 21 మంది చొప్పున రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు గ్రీన్ టీ సారం గొట్టాలు ఇచ్చారు. వాటిలో రోజుకు 800 మిల్లీగ్రాముల ఇ.జి.సి.జి. అందుతుంది. రెండో జట్టుకు చూపుకు అదే మాదిరి ఉండే ఉత్త గొట్టాలు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే వైద్యుడికీ తెలియదు.

ఈ ఏర్పాటు ఎందుకో మన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. డెయిరీ ప్రయోగశాలలో నమూనా సీసా మీద సభ్యుడి పేరు కాక నెంబరు వేస్తారు. టెస్టరుకు పేరు తెలిస్తే వెన్న శాతం చేతివాటాన్ని బట్టి మారుతుందన్న అనుమానం రాకుండా. ఇదీ అంతే.

పన్నెండు వారాల తరువాత చూస్తే, గ్రీన్ టీ సారం తీసుకున్న జట్టులో ఎ.సి.ఆర్. 41 శాతం తగ్గింది. ఉత్త గొట్టాల జట్టులో 2 శాతం పెరిగింది. అనగా, ఉదాహరణకు 300 ఉన్న మనిషికి ఒక జట్టులో 177 అవుతుంది, మరో జట్టులో 306 అవుతుంది. ప్రయోగశాలలో వాళ్ళు ఇంకొక పని కూడా చేశారు. మనిషి పోడోసైట్లను గాజు పాత్రలో పెంచి, చక్కెర రోగుల రక్తంలోని ద్రవం తగిలిస్తే అవి ఎక్కువగా చచ్చిపోయాయి. దానికి ఇ.జి.సి.జి. కలిపితే చావు తగ్గింది. గుడ్డను కాపాడే కణాన్ని ఈ పదార్థం కొంత కాపాడుతున్నది అని వాళ్ళ అభిప్రాయం.

కనుక గ్రీన్ టీ మాట ఉత్త పుకారు అని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. దానిలో సరుకు ఉన్నది. అయితే లెక్క ఇక్కడితో ముగించి పొట్లం కొనబోతే, జమ చూసి ఖర్చు చూడని సంఘం లెక్క అవుతుంది.

మొదటి సంగతి, వాళ్ళు టీ తాగించలేదు, సారం ఇచ్చారు. 800 మిల్లీగ్రాములు కప్పుల మీద రావాలంటే మంచి ఆకుతో ఎనిమిది కప్పులు, పలుచని ఆకైతే పదహారు కప్పులు తాగాలి. రోజుకు రెండు కప్పులు తాగే మన సభ్యుడికి ఆ మోతాదులో నాలుగో వంతుకు మించి అందదు.

రెండవది, అది పన్నెండు వారాల ప్రయోగం, 42 మంది మీద. మూత్రంలో ఆల్బుమిన్ తగ్గింది నిజమే. ఆల్బుమిన్ తగ్గడం మంచి గుర్తే. అయితే ఎంతమందికి డయాలసిస్ తప్పింది అనేది పన్నెండు వారాల్లో తేలే విషయం కాదు. నెల రోజులు కొత్త దాణా పెట్టి పాలు అర లీటరు పెరిగాయని చెప్పవచ్చు గాని, ఆ గేదె మళ్ళీ సకాలంలో చూలు కట్టిందా, వచ్చే ఈతలో ఎంత ఇచ్చింది అని చెప్పడానికి రెండేళ్ళు ఆగాలి కదా.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఆ 42 మందిలో ఒక్కరు కూడా మాత్రలు మానలేదు. మాత్రలు పూర్తి మోతాదులో వేసుకుంటూ ఉండగా, దాని మీద అదనంగా గ్రీన్ టీ సారం ఏమి చేస్తుందో చూశారు. మాత్రలకు బదులు గ్రీన్ టీ అని ఆ ప్రయోగం ఎక్కడా చెప్పలేదు. పొట్లం అమ్మేవాడు చెప్పే కథలో సగం బ్రెజిల్‌ది, మిగతా సగం అతని సొంతం.

చక్కెర మీద, ప్రాణం మీద

రక్తంలో చక్కెర మీద గ్రీన్ టీ ప్రభావాన్ని గూర్చి 17 ప్రయోగాలను, వాటిలోని 1,133 మందిని కలిపి 2013లో ఒక లెక్క తీశారు. పరగడుపు చక్కెర తగ్గిన మాట నిజం. ఎంత తగ్గింది? డెసిలీటరుకు రెండు మిల్లీగ్రాములు కూడా కాదు. 180 ఉన్నవాడికి 178 అయితే ఆనందపడవలసింది ఏమీ లేదు.

జపానులోని ఫుకుఓకా ప్రాంతంలో 4,923 మంది చక్కెర వ్యాధిగ్రస్తులను సుమారు ఐదేళ్ళు గమనించి 2020లో ప్రకటించిన లెక్క ఇంకొకటి ఉన్నది. రోజుకు నాలుగు కప్పులకు పైగా గ్రీన్ టీ, రెండు కప్పులకు పైగా కాఫీ తాగేవారిలో మరణాలు, రెండూ తాగనివారి కన్నా 63 శాతం తక్కువగా ఉన్నాయి. ఈ అంకె చూసి చాలామంది గంతులు వేశారు. అయితే ఇది గమనించిన లెక్క, ఇచ్చి చూసిన ప్రయోగం కాదు. ఒంట్లో సత్తువ ఉండి, తిరుగుతూ ఉండేవాడు నాలుగు కప్పులు టీ తాగుతాడు. మంచాన పడ్డవాడు తాగడు. టీ వల్ల బ్రతికాడా, బాగున్నాడు కనుక టీ తాగాడా? సంకర జాతి ఆవులున్న రైతుల ఇళ్ళు బాగుంటాయి గనుక, ఆవు వల్లనే ఇల్లు కట్టారని అనుకోవడం వంటిదే ఇది.

సారం గొట్టాల వల్ల ప్రమాదం

కప్పులతో రానిది గొట్టాలతో తెచ్చుకుందామని కొందరికి తోచవచ్చు. దయచేసి వద్దు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ విషయం పరిశీలించి, రోజుకు 800 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఇ.జి.సి.జి.ని సారం రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్త పరీక్షల్లో కనిపిస్తున్నాయని తేల్చింది. మామూలుగా వేడినీళ్ళలో వేసుకుని తాగే టీ సాధారణంగా క్షేమమేనని కూడా అదే సంస్థ చెప్పింది. బ్రెజిల్ వారు వాడిన మోతాదు కూడా సరిగ్గా 800 అని గమనించండి. అక్కడ వైద్యులు పక్కనే ఉండి పరీక్షలు చేస్తూ ఇచ్చారు. మన దగ్గర ఒళ్ళు తగ్గిస్తామని అమ్మే గొట్టాల్లో ఎంత సారం ఉన్నదో చూసేవారెవరు? మూత్రపిండం కోసం పోయి కాలేయం పోగొట్టుకోవడం ఏమి తెలివి!

మరి పాలు పోసిన టీ సంగతి?

మన పాల సంఘం పత్రికలో ఈ ప్రశ్న తప్పించుకోవడానికి వీలులేదు. పాలలోని కేసీన్ టీలోని వగరు పదార్థాలను పట్టుకుంటుంది. పాలు పోసిన టీలో వగరు తగ్గేది అందుకే. జర్మనీలోని బెర్లిన్‌లో 2007లో 16 మంది మహిళల మీద చేసిన ప్రయోగంలో, ఉత్త నల్ల టీ తాగినప్పుడు రక్తనాళాలు చక్కగా సాగాయి. అదే టీలో పదోవంతు వెన్న తీసిన పాలు కలిపితే ఆ ప్రయోజనం కనబడలేదు. అందువల్ల టీ గుణం కోసమే గ్రీన్ టీ తాగేవారు దానిలో పాలు పోయకూడదు. పాల పోషణ కావాలంటే పాలను పాలుగా, పెరుగుగా, మజ్జిగగా తీసుకోవచ్చు.

నా దృష్టిలో గ్రీన్ టీ వల్ల మన సభ్యులకు కలిగే అసలు లాభం ఇ.జి.సి.జి. కాదు, పోయే పంచదార. తెల్లవారుజామున పాలు పితికే ముందు ఒకటి, కేంద్రం దగ్గర ఒకటి, సాయంత్రం రెండు. నాలుగు గ్లాసుల టీ, గ్లాసుకు రెండు చెంచాల చక్కెర అనుకుంటే రోజుకు 40 గ్రాములు. నెలకు కిలో 200 గ్రాములు. సంవత్సరానికి 14 కిలోల పైమాట. చక్కెర వ్యాధి ఉన్న మనిషి ఒంట్లోకి టీ రూపంలో పోతున్నది ఇంత. ఆ నాలుగు గ్లాసుల బదులు పంచదార లేని గ్రీన్ టీ తాగితే మేలు తప్పక ఉంటుంది. పంచదార లేని పాల టీ తాగినా దాదాపు ఆ మేలే ఉంటుంది, పొట్లం ఖర్చు కూడా మిగులుతుంది. గ్రీన్ టీలో తేనె, బెల్లం వేసుకుంటే మాత్రం చక్కెరను చాటుగా తిరిగి పిలిచినట్లే.

పాలను గూర్చి ఒక నిజం కూడా చెప్పాలి. నూరు మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 90 మిల్లీగ్రాముల భాస్వరం, 150 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. మూత్రపిండాలు బాగున్నంత కాలం ఇవి మేలే. జబ్బు బాగా ముదిరి, ఇవి రక్తంలో పేరుకుపోతున్నవారికి వైద్యుడు పాలు, పెరుగు తగ్గించమని చెప్పవచ్చు. అప్పుడు “నేను పాల సంఘం మెంబర్ని, నాకు పాలు వద్దంటాడా” అని నొచ్చుకోకుండా ఆయన చెప్పిన కొలత పాటించాలి. మజ్జిగలో ఉప్పు విషయం మాత్రం ముదరక ముందే చూసుకోవాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు లేని మజ్జిగకు అలవాటు పడడం మంచిది.

తాగే పద్ధతి, జాగ్రత్తలు

తాగాలనుకునేవారు రోజుకు రెండు మూడు కప్పులు తాగవచ్చు. నీళ్ళు మరిగించి దింపి, కొద్దిగా చల్లారిన తరువాత ఆకు వేసి రెండు మూడు నిమిషాలు మూతపెట్టి వడగట్టాలి. 80 డిగ్రీల వేడి చాలు, మన ప్లాంటులో పాలు పాశ్చరైజ్ చేసే 72 డిగ్రీల కన్నా కాస్త పైన. పొయ్యి మీద పెట్టి ఉడకబెడితే చేదు తప్ప వేరే లాభం లేదు.

టీలోని వగరు పదార్థాలు అన్నంలోని, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మూత్రపిండాల జబ్బులో రక్తహీనత మామూలు. మన ఆడవారిలో అది లేకపోయినా రక్తహీనత ఉండనే ఉన్నది. కాబట్టి భోజనంతో పాటు గాని, ఐరన్ మాత్రతో పాటు గాని టీ తాగరాదు. గంట, గంటన్నర ఎడం ఉండాలి. నాడొలాల్ అనే రక్తపోటు మాత్ర గ్రీన్ టీతో వేసుకుంటే సరిగా ఒంటపట్టదని 2014లో జపాను వారు తేల్చారు. కనుక ఏ మాత్రనైనా మంచినీళ్ళతోనే మింగడం మంచి అలవాటు. రక్తం పలుచబడే మందులు వాడేవారు గ్రీన్ టీ తాగే సంగతి వైద్యుడికి చెప్పాలి. కాళ్ళవాపు వచ్చి, నీళ్ళు కొలిచి తాగమన్నవారికి ఈ కప్పులు కూడా ఆ కొలతలోనివే.

అతి ఎక్కడైనా అతే. అమెరికాలో ఒక మనిషి రోజుకు పదహారు గ్లాసులు చల్లని నల్ల టీ తాగి, దానిలోని ఆక్సలేటు మూత్రపిండాల్లో పేరుకుపోయి అవి చెడిపోయిన సంగతి 2015లో వైద్య పత్రికలో వచ్చింది. గ్రీన్ టీలో ఆక్సలేటు నల్ల టీ కన్నా తక్కువే. అయినా ఎనిమిది, పది కప్పులు పట్టించాలన్న ఆలోచన మానుకోండి.

నిజంగా కాపాడేవి

1993లో కాప్టోప్రిల్ అనే రక్తపోటు మాత్ర, ఇన్సులిన్ మీద ఆధారపడిన చక్కెర రోగుల్లో మరణం, డయాలసిస్, మూత్రపిండ మార్పిడి కలిపిన ప్రమాదాన్ని సగానికి తగ్గించిందని తేలింది. 2001లో లోసార్టాన్ మాత్రను 1,513 మంది మీద సంవత్సరాల తరబడి చూస్తే, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోవడం 28 శాతం తగ్గింది. 2019లో కానాగ్లిఫ్లోజిన్‌ను 4,401 మంది మీద చూస్తే మూత్రపిండాల ప్రమాదం 30 శాతం తగ్గింది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్‌ను 4,304 మంది మీద చూస్తే ఇంకా మంచి ఫలితం, 39 శాతం. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు 2020లోనే ముగిసినందున ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. 42 మందిని, 4,304 మందిని పక్కపక్కన పెట్టి చూడండి. పన్నెండు వారాలను, రెండు మూడేళ్ళను పక్కపక్కన పెట్టి చూడండి.

ఏ మాత్ర ఎవరికి, ఎంత అన్నది వైద్యుడు చెప్పవలసిందే. లోసార్టాన్ జాతి మాత్రలు మొదలుపెట్టిన తరువాత రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. గర్భిణులకు అవి పనికిరావు. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలను విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు, ఆహారం తీసుకోలేనప్పుడు వైద్యుణ్ణి అడిగి తాత్కాలికంగా ఆపవలసి ఉంటుంది. పొరుగువాడి చీటీ చూసి కొనే మందులు కావు ఇవి.

ఇక మానవలసిన వాటిలో మొదటిది నొప్పి మాత్ర. గడ్డికోత సీజనులో నడుము నొప్పికి, మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ వంటివి రోజూ మింగేవారు మన సంఘాల్లో ఎందరో. ఈ డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడరాదని మన ప్రభుత్వం 2006లో నిషేధించిన సంగతి పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల్లో రాలిపోయాయి. మనిషి రాబందు కాదు, నిజమే. అయినా ఇప్పటికే చక్కెర వ్యాధితో బలహీనపడిన మూత్రపిండాలకు ఈ మాత్రలు రోజూ తగలనివ్వడం ప్రమాదం. పొగాకు కూడా అంతే, చుట్ట అయినా సిగరెట్టు అయినా.

శ్రీకాకుళం జిల్లా వైపు సభ్యులు ఉద్దానం జబ్బుకు గ్రీన్ టీ పనిచేస్తుందా అని అడుగుతారు. ఉద్దానంలో ఎక్కువగా కనిపించేది చక్కెర వల్ల వచ్చే జబ్బు కాదు. అక్కడ చక్కెర, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి, కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. బ్రెజిల్ లెక్కను అక్కడికి మోసుకుపోకూడదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉన్నది, ఆ ప్రాంతం వారు అక్కడ పరీక్ష చేయించుకోవచ్చు.

మాత్రలు మానేసిన ఆ సభ్యుణ్ణి వాళ్ళ సంఘం కార్యదర్శి మరుసటి వారమే పట్టణానికి తీసుకుపోయి పరీక్షలు చేయించాడు. పరగడుపు చక్కెర 260 దాటి ఉన్నది, ఎ.సి.ఆర్. 400 పైన. ఇ.జి.ఎఫ్.ఆర్. 58. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. గ్రీన్ టీ మానమని వైద్యుడు చెప్పలేదట, పొట్లాలకు బదులు అంగట్లో దొరికే మామూలు ఆకు కొనుక్కోమన్నాడట.

పరీక్ష చేయించుకునేవారికి రెండు మాటలు. నలభై దాటిన తరువాత వచ్చే రకం చక్కెర వ్యాధి అయితే, జబ్బు తెలిసిన మొదటి సంవత్సరం నుంచే ఏటా ఒకసారి ఎ.సి.ఆర్., ఇ.జి.ఎఫ్.ఆర్. రెండూ చూపించుకోవాలి. చిన్న వయసులో వచ్చి ఇన్సులిన్ మీద ఉన్నవారు జబ్బు వచ్చిన ఐదేళ్ళ నుంచి. పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రం మంచిది. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, ఆడవారు నెలసరి రోజుల్లో, క్రితం రోజు గడ్డిమోపులు మోసి ఒళ్ళు అలిసినప్పుడు నమూనా ఇవ్వరాదు, లేని ఆల్బుమిన్ కనబడుతుంది. సీసా శుభ్రంగా, పొడిగా ఉండాలి. తడి సీసాతో వెన్న శాతం ఏమవుతుందో తెలిసిన మీకు ఇది వేరే చెప్పాలా! ఒకసారి ఎక్కువ వచ్చిందని బెంబేలు పడకూడదు, మూడు నుంచి ఆరు నెలల లోపు మూడుసార్లు చూస్తే రెండుసార్లు ఎక్కువ ఉంటేనే జబ్బుగా లెక్క. కొన్నిచోట్ల కాగితపు పట్టీ ముంచి చూసి ‘ఆల్బుమిన్ నిల్’ అని రాసి ఇస్తారు. 30 నుంచి 300 మధ్య ఉండే తొలి దశ కారడాన్ని ఆ పట్టీ పట్టుకోలేకపోవచ్చు. కనుక చీటీ రాయించుకునేటప్పుడే ఎ.సి.ఆర్. అని పేరు పెట్టి అడిగి రాయించుకోవాలి.